టొరంటో రిపోర్టులో 4.1

కెనడా నుంచి సెలవుకి వైజాగ్ వచ్చాను. నిన్న ఎంవీపీ కాలనీ రైతుబజార్లో నా స్నేహితుడి చెల్లెలు కలిసింది. "అన్నయ్యా, మా వాడు టొరంటో వెళ్ళి ఏడాదైంది కదా, ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 4.1 వచ్చిందట. ఇక్కడ వాళ్ళ నాన్నకి 130 ఉంటేనే డాక్టరు గట్టిగా చెప్పారు. వీడికి నాలుగే, బాగానే ఉన్నట్టు కదా?" అంది.

బాగాలేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. కెనడాలో కొలత వేరు. మనకి మిల్లీగ్రాముల్లో ఇస్తే అక్కడ మిల్లీమోల్స్‌లో ఇస్తారు. ఎల్‌డీఎల్ అంకెని 38.67తో గుణిస్తే మన లెక్క వస్తుంది. అంటే అబ్బాయిది దాదాపు 159. రక్తంలో ఉండే మరో కొవ్వు ట్రైగ్లిజరైడ్లకైతే 88.57తో గుణించాలి. అమెరికాలో ఈ తికమక లేదు, అక్కడా మిల్లీగ్రాములే.

"వాడు గుడ్డు కూడా ముట్టడే!" అంది. కొత్తగా వచ్చిన మన పిల్లల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఈ మాటే వింటున్నాను. ఒంట్లో కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా తయారుచేసేది మన కాలేయమే. నెయ్యి, వెన్న, చీజ్, పామాయిల్‌లో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని కాలేయం సరిగ్గా లాక్కోలేదు. నెయ్యిలో సగానికి పైగా ఆ కొవ్వే. అక్కడికి వెళ్ళాక శాకాహారం పేరుతో మనవాళ్ళు తినేదేమిటి? వెజ్ పిజ్జా, పన్నీర్, ఫ్రోజెన్ పరోటా, పక్కన గిన్నెడు తెల్లన్నం. అన్నం, తీపి మితిమీరితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి.

నేను చెప్పేది ఒక్కటే, అమ్మ వంటకి తిరిగి రండి. పొట్టు పెసలతో పెసరట్టు, చిక్కుడు, బెండకాయ, ఉలవలు, రాజ్మా, ఓట్స్ ఉప్మా. వీటిలోని కరిగే పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్ళీ పిత్తం తయారుచేయడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ తీసుకుంటుంది. అన్నం కొంత తగ్గించి మన చోడి (రాగి) అంబలి తాగండి. మసూర్ పప్పైతే కెనడాలోనే విస్తారంగా పండుతుంది. గుడ్డు, పాలు కూడా మానేస్తే బీ12 పరీక్ష మరచిపోకండి.

ఇక నడక. ఇక్కడ పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా ఊరంతా నడుస్తూ కనిపిస్తుంది. అక్కడ జనవరి మంచులో మీకోసం ఎవరూ రోడ్డు ఖాళీ చేయరు. నేను మొదటి రెండు శీతాకాలాలూ ఇంట్లోనే కూర్చుని పోగొట్టుకున్నాను. తర్వాత కొట్లు తెరవకముందే మాల్‌కి వెళ్ళి లోపల నడవడం మొదలుపెట్టాను, చాలా మాల్స్‌లో నడవనిస్తారు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాడలేనంత వేగంతో.

టెన్షన్ పడొద్దు, కానీ తేలిగ్గానూ తీసుకోవద్దు. 2018లో అమెరికా గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్నే ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి. కెనడా లెక్కలో ఎల్‌డీఎల్ 5 దాటినా, ఇంట్లో చిన్నవయసులో ఎవరికైనా గుండెజబ్బు వచ్చినా, తిండీ నడకా మాత్రమే సరిపోకపోవచ్చు. డాక్టరు మాత్ర ఇస్తే వేసుకోండి, అంకె తగ్గిందని సొంతంగా ఆపేయకండి.

వాళ్ళ నాన్న పాత రిపోర్టులు ఫోటో తీసి అబ్బాయికి పంపమన్నాను, అక్కడి డాక్టరు ముందు అడిగేది అదే. ఈ రాత్రికే పంపుతానంది.