మీ ప్రశ్న – మా జవాబు: చిన్న డ్యామ్ కరెంటు ఎవరికి?

ప్రశ్న: సింగూరు డ్యామ్ దగ్గర జల విద్యుత్ కేంద్రం 15 మెగావాట్లేనట. వేల మెగావాట్లు వాడే హైదరాబాద్‌కు అదొక లెక్కా? ఎదురుగా నీళ్లున్నా, గ్రిడ్ పోగానే చిన్న కేంద్రాలు ఎందుకు ఆగిపోతాయి?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: సింగూరులో 7.5 మెగావాట్ల యూనిట్లు రెండు. ఇంత చిన్న కేంద్రం కరెంటు నగరం దాకా రానక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లు, బోరు మోటార్లే వాడేసుకుంటాయి. దూరం నుంచి తెచ్చుకునే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది, లైన్ చివరన వోల్టేజీ నిలబడుతుంది. అసలు మేలు అదే.

లెక్క చూడండి. నీళ్లు 15 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయనుకుందాం. సెకనుకు ఒక ఘనపు మీటరు నీటికి, యంత్రాల నష్టం పోను, 125 కిలోవాట్లు వస్తాయి. ఒక మెగావాట్‌కు 8 ఘనపు మీటర్లు కావాలి! అందుకే సాగుకు ఎలాగూ వదిలే నీటిని టర్బైన్ మీదుగా పంపాలి. కరెంటు కోసమని తాగునీటిని ఖాళీ చేయకూడదు.

ఇక ఆగిపోవడం సంగతి. లైన్‌లో కరెంటు లేదనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు చిన్న కేంద్రం నుంచి కరెంటు వస్తే ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ పోగానే రిలే అనే కాపలా పరికరం బ్రేకర్‌ను (కేంద్రాన్ని లైన్‌తో కలిపే పెద్ద స్విచ్‌ను) తెరిచి, లైన్‌తో సంబంధం తెంచేస్తుంది. పైగా ఇండక్షన్ రకం జనరేటర్ అయితే దానికి అయస్కాంత శక్తి అందేదే గ్రిడ్ నుంచి; గ్రిడ్ లేకపోతే మామూలుగా అది కరెంటు పుట్టించలేదు.

లోడు ఊడిన (కరెంటు వాడకం భారం ఒక్కసారిగా తొలగిన) టర్బైన్ పిచ్చిగా తిరుగుతుంది. తక్కువ ఎత్తు నుంచి పడే నీటికి వాడే కాప్లాన్ రకమైతే మామూలు వేగానికి రెట్టింపు దాటగలదు. గవర్నర్ (వేగాన్ని అదుపు చేసే యంత్రం) వెంటనే గైడ్ వేన్లు (టర్బైన్‌లోకి నీటిని వదిలే రెక్కలు) మూయాలి. మరీ గబుక్కున మూస్తే పెన్‌స్టాక్‌లో (టర్బైన్‌కు నీళ్లు తెచ్చే పెద్ద పైపులో) నీరు వెనక్కి తన్ని పైపు పగులుతుంది. మూసే వ్యవధిని ముందే లెక్కకట్టి పెట్టేది ఈ రెండు ప్రమాదాల మధ్యే.

గ్రిడ్ వచ్చాక మళ్లీ కలపడానికి ఓపిక కావాలి. వోల్టేజీ గ్రిడ్‌తో సమానం చేసి, వేగాన్ని 50 హెర్ట్జ్‌కు వెంట్రుకవాసి పైన ఉంచుతారు. కేంద్రం కరెంటు, గ్రిడ్ కరెంటు జత కలిశాయో లేదో చూపే మీటరు సింక్రోస్కోప్. దాని ముల్లు గడియారం ముల్లులా కుడివైపు నెమ్మదిగా తిరుగుతూ 12 దగ్గరికి వస్తుండగా, అక్కడికి చేరేలోపే బ్రేకర్ నొక్కాలి. ముల్లు కిందివైపు ఉండగా నొక్కితే షాఫ్ట్ మెలితిరుగుతుంది, జనరేటర్ వైండింగ్ (తీగచుట్టలు) దెబ్బతింటుంది.

వానాకాలంలో మాత్రం ఎక్కువ ఇబ్బంది పెట్టేది చెత్తే. గుర్రపుడెక్క, కొమ్మలు నీరు లోపలికి వచ్చే చోట ఉండే జాలీకి పట్టేస్తే టర్బైన్‌కు నీరు అందదు. జాలీకి ముందు, వెనక నీటిమట్టాల తేడా పెరుగుతోందంటే వెంటనే శుభ్రం చేయించాలి.