వార్డు డబ్బు గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

వార్డు కమిటీలో చేరాలనుందని ఫోన్‌లో చెప్పావు. మీ అమ్మ టెన్షన్ పడుతోంది, ‘వాడికెందుకు ఈ రాజకీయాలు’ అని. అక్కకు నేను సర్దిచెప్తాలే. బెంగళూరు చిక్‌పేట బట్టల కొట్లో ముప్పై ఏళ్లు లెక్కలు రాసి, ఆ తర్వాత వార్డు మీటింగుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మొదటిసారి నేను మార్చి చివర్లో వెళ్లాను. మా వీధి కాలువ మాట ఎత్తగానే ఇంజనీరు నవ్వాడు. కార్పొరేషన్ బడ్జెట్ అప్పటికే అచ్చయిపోయింది, ఏడాది పోయింది. నువ్వు నవంబరు దాటనివ్వకు. ఫొటోలు, కొలతలు పట్టుకెళ్లు. ‘రోడ్డు బాగాలేదు’ అంటే తల ఊపి పంపేస్తారు. ‘ఫలానా క్రాస్‌లో డెబ్బై మీటర్లు స్లాబులు లేవు’ అంటే రాసుకుంటారు.

బడ్జెట్ పుస్తకం దొరికితే కొత్త పనుల పేజీ తర్వాత చూద్దువుగాని, ముందు పాత బిల్లుల బాకీ ఎంతో చూడు. వార్డుకు ఎంత రాసినా కాంట్రాక్టర్ల పాత బాకీలు వరసలో ముందే నిలబడి ఉంటాయి. ఖాతాల ఆవర్జా తిరగెయ్యకుండా కొత్త సరుకుకు ఆర్డరిచ్చే షావుకార్లను చాలామందినే చూశాను.

ఇక పన్ను సంగతి. నీ జీతంలో నెలకు 200 రూపాయలు ప్రొఫెషనల్ ట్యాక్స్ కోస్తున్నారు కదా, అది పోయేది రాష్ట్ర ఖజానాకు. చెన్నైలో మీ బాబాయి కట్టేది అక్కడి కార్పొరేషన్‌కే, ఆరు నెలలకోసారి. ఇక్కడ ఆక్ట్రాయ్, అంటే ఊళ్లోకొచ్చే సరుకు మీద వేసే పన్ను, 1979లోనే ఎత్తేశారు. అందుకే ఇక్కడ నగరం చేతికి నేరుగా వచ్చే వాటిలో పెద్దది ఆస్తిపన్నే. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలికలకు 18 పనుల జాబితా చూపించింది గానీ, అవి అప్పగించడం, వాటికి తగ్గ పన్నులివ్వడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. పని ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది. ఇక్కడైతే 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు ముగిశాక ఏళ్ల తరబడి అధికారులే నడిపారు, అడగడానికి ఎన్నికైన మనిషే లేడు.

2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు. మీ మహదేవపుర, కె.ఆర్.పుర కలిసి తూర్పు కార్పొరేషన్ అయ్యాయి. కంపెనీలున్న చోటు, పన్ను బాగా వస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌వాళ్లు ‘మా పన్ను మా రోడ్డుకే’ అంటారు చూడు. నువ్వు మాత్రం ఆ పాట అందుకోకు. మీ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఉండే సందులకు ఏ పన్నూ పెద్దగా రాదు, కాలువ మాత్రం కావాలి. కేరళలో 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చినప్పుడు, పన్ను ఎక్కువ కట్టిన ఊరికే ఎక్కువ అనలేదు. జనాభా లాంటివి లెక్కలోకి తీసుకున్నారు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఉపాధి సంగతి. ఇరవై వీధుల ఫుట్‌పాత్‌లు ఒకే ప్యాకేజీగా టెండరు పిలిస్తే, అంత డిపాజిట్ కట్టగలిగినవాడు ఎక్కడినుంచో వస్తాడు. మిషన్లు, మనుషులు వాడితోనే వస్తారు. పొద్దున్నే సర్కిల్లో పనికోసం నిలబడే మేస్త్రీలకు ఒక్కరోజు కూలీ దొరకదు. అదే పని వీధివారీగా చిన్నదైతే, మన పక్క సందులో ఉండే చిన్న కాంట్రాక్టరు తీసుకుంటాడు, వాళ్లనే పిలుస్తాడు. ఆ కూలీ డబ్బు సాయంత్రానికి అదే సర్కిల్లో టీ కొట్టుకు, కిరాణాకు చేరుతుంది. కాబట్టి పని పరిమాణం గురించి అడుగు.

అయితే ముక్కలు చేయడంలోనూ దొంగతనం ఉందిలే. టెండరు తప్పించుకోవడానికి ఒకే రోడ్డును నాలుగు బిల్లులు చేసినవాళ్లున్నారు. అందుకే ఎంబీ పుస్తకం, అంటే మెజర్‌మెంట్ బుక్, కాపీ అడుగు. కొలతలన్నీ అందులోనే ఉంటాయి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల అర్జీ పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. టేపు పట్టుకుని ఒక్కసారి రోడ్డు కొలిచావంటే చాలు, తర్వాత నీతో మాట్లాడే తీరే మారుతుంది. కొలిచేటప్పుడు ఒంటరిగా వెళ్లకు, ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్లు. కన్నడలో మాట్లాడు, ఇంగ్లీషు దంచకు.

తోపుడుబండ్లవాళ్లను తీసేయించే తీర్మానం వస్తే సంతకం పెట్టే ముందు 2014 వీధి వ్యాపారుల చట్టం చదువు. ఆ చట్టం ప్రకారం వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి.

దీపావళి అయ్యాక ఒక ఆదివారం రా. నా దగ్గర పాత వర్క్ ఆర్డర్లు రెండు ఫైళ్లున్నాయి, ఎంబీ ఎలా చదవాలో చూపిస్తా. ఉగ్గాని బజ్జీ చేస్తానని మీ అత్త అంటోంది.

మీ మామ