చలికాలంలో బ్రైస్ కాన్యన్: మంచు పడితే ఎర్ర రాళ్లు కనిపిస్తాయా?

జనవరిలో లాస్ వెగాస్ వస్తున్నామని, యూటాలోని బ్రైస్ కాన్యన్ దాకా వెళ్తే మంచు కింద ఆ రాళ్లు కనిపిస్తాయా అని అడిగారు. నిక్షేపంగా కనిపిస్తాయి. నేను వేసవిలో ఒకసారి, సంక్రాంతి రోజుల్లో అమ్మానాన్నలతో ఒకసారి చూశాను. మళ్లీ వెళ్తే చలికాలంలోనే వెళ్తాను.

అక్కడి రాతి స్తంభాలను హూడూలంటారు. నిటారుగా ఉంటాయి కాబట్టి పక్కలకు మంచు అంతగా పట్టదు. తలల మీదా, సందుల్లోనూ పేరుకుంటుంది. ఆ తెలుపు పక్కన నారింజ రంగు మరింత మండుతుంది. సన్‌రైజ్ పాయింట్‌లో నిలబడి అమ్మ, "మెట్ల మీద తెల్ల పంచె పరిచి బొమ్మల కొలువు పెట్టినట్టుంది" అంది.

అసలు మీరు భయపడుతున్న ఆ మంచే ఆ రాళ్లను చెక్కుతోంది. పేరుకు కాన్యనే గానీ, గండికోట దగ్గర పెన్న కోసినట్టు ఇక్కడ ఏ నదీ లోయను కోయలేదు. ఒక పీఠభూమి అంచు అరిగిపోతూ వస్తోంది, అంతే. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు కదా, ఏడాదిలో సుమారు 170 రోజులు పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం జరుగుతుంది. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బి, చీల కొట్టినట్టు రాతిని విడదీస్తుంది. మిగిలిన పని వాన చేస్తుంది, సున్నపురాయిని కరిగిస్తూ. ఎరుపు ఇనుముది.

ఆ నేల పాయూట్ ఆదివాసులది. చెడ్డపనులు చేసినవారిని కొయొటీ (వారి కథల్లో మాయలు చేసే, నక్కలాంటి జంతువు) రాళ్లుగా మార్చేశాడని వారి కథ. అది విని అమ్మ, "అహల్యకు రాముడొచ్చాడు, పాపం వీళ్లకెవరూ రాలేదు" అని నిట్టూర్చింది.

ఇక జాగ్రత్తలు. నాన్నగారు పొద్దుటి నడక బూట్లు చాలన్నారు. హూడూల మధ్యకు దిగే నవాహో లూప్ కాలిబాటలో రెండో మలుపు దగ్గరే జారి కూర్చున్నారు. దెబ్బ తగల్లేదు గానీ, ఆ పూట వెనక్కి వచ్చేశాం. నలుగురి అడుగులతో నలిగిన మంచు గాజులా గట్టిపడుతుంది. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు కొనుక్కుని మర్నాడు దిగాం. ఆ లూప్‌కు రెండు వైపులున్నాయి. రాళ్లు పడే ప్రమాదం ఉందని వాల్ స్ట్రీట్ అనే ఇరుకు సందు వైపు దారి చలికాలంలో మూసేస్తారు. రెండోదైన టూ బ్రిడ్జెస్ వైపు తెరిచి ఉంటే అటే దిగండి. మంచు బాగా కురిస్తే, దాన్ని తోసేదాకా పార్కు చివరనున్న రెయిన్‌బో పాయింట్‌కు వెళ్లే రోడ్డూ మూసేస్తారు. అది పోయినా పెద్ద నష్టం లేదు, హూడూల గుంపంతా ముందున్న సన్‌సెట్, ఇన్‌స్పిరేషన్ పాయింట్ల దగ్గరే ఉంది.

వెగాస్ నుంచి కారులో నాలుగు గంటలు, మంచు రోజున ఇంకా ఎక్కువ. చీకటి పడకముందే చేరండి. సూర్యోదయం చూడాలంటే సున్నాకు పది డిగ్రీల దిగువ చలికి కూడా సిద్ధపడండి. మా ఫ్లాస్కులో కాఫీ మాత్రం సూర్యుడు రాకముందే అయిపోయింది.