బీపీ నార్మల్‌గా ఉన్నా లోపల రక్తం పోతుంటే ముందే కనిపెట్టొచ్చా?
కనిపెట్టొచ్చు, దాని మీద మంచి రీసెర్చ్ జరిగింది. గుత్తి దగ్గర హైవే మీద బండి పడి మా చిన్నాయన్ని అనంతపురం తెస్తే బీపీ 120 ఉంది, ఏం కాలేదులే అనుకున్నాం, కానీ చేతులు చల్లగా, నుదుటి నిండా చెమట, లోపల రక్తం పోతా ఉందంట. 30 శాతం దాకా పోయినా ఒళ్లు రక్తనాళాల్ని బిగించి, గుండె వేగం పెంచి బీపీని పడనీకుండా చూస్తాది, పడేసరికి చాలా ఆలస్యమైపోతాది.

అందుకే అమెరికా ఆర్మీ పరిశోధకులు శాన్ ఆంటోనియోలో వాలంటీర్ల నడుము కింద భాగాన్ని ఒక డబ్బాలో పెట్టి గాలి లాగేసి చూశారు, రక్తం కాళ్లలోకి దిగి నిజంగా పోయినట్టే అవుతాది, అప్పుడు వేలికి పెట్టే క్లిప్ (పల్స్ ఆక్సిమీటర్) చూపించే పల్స్ అల ఆకారం బీపీ కంటే ముందే మారతాది. ఆ మార్పును బట్టి ఒంట్లో తట్టుకునే శక్తి ఇంకెంత మిగిలిందో కంప్యూటర్ లెక్క కడతాది, దాన్నే కాంపెన్సేటరీ రిజర్వ్ అంటారు. మన ఇళ్లల్లో ఉండే మామూలు క్లిప్ ఈ లెక్క చెప్పదు, గట్టి దెబ్బ తగిలితే దాన్ని నమ్ముకోకుండా ఆస్పత్రికి పోయి స్కాన్ చేపించండి.