మెడ చూడకుండా డబ్బు కట్టకు

ఒరేయ్ చిన్నా,

టోక్యోలో గిటార్ షాపులుండే ఒచానొమిజు వీధిలో ఏదో పాత గిటార్ కొంటున్నావని అక్క చెప్పింది. ఫొటో కూడా పంపింది. నంబరు ‘జేవీ’తో మొదలవడం చూసి రాత్రంతా నిద్రపోతే ఒట్టు. 1982లో గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్ల ‘ఫెండర్ జపాన్’ మొదలైన కొత్తలో, మాత్సుమోతోలోని ఫుజిజెన్ గక్కి ఫ్యాక్టరీలో చేసిన సరుకురా అది! మా ఆర్కెస్ట్రా రోజుల్లో అలాంటిది ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే చాలనుకునేవాళ్లం. నువ్వేమో ఏకంగా కొనేస్తున్నావు.

తీగల మోత పట్టే పికప్‌లు పనిచేస్తున్నాయేమో చూడు, నాబ్‌లన్నీ తిప్పి చూడు. సోల్డరింగ్ కదిపారేమో అడుగు. బిల్లు తీసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నా భయమంతా మెడ గురించే, అదే స్ట్రింగుల కింద ఉండే ఆ పొడుగాటి కర్ర.

మద్రాసులో నేనూ ఒక జపాన్ గిటార్ కొన్నాను, సెకండ్ హ్యాండ్. అందుకోసం టీవీఎస్ అమ్మేశాను. షాపులో యాంప్‌కి తగిలించి వాయిస్తే ఒళ్లు పులకరించింది. మెరుపు చూశాను, మోత విన్నాను, మెడ మాత్రం చూడలేదు. ఇంటికొచ్చాక పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర స్ట్రింగులు వేలెడెత్తున ఉన్నట్టనిపించాయి. ట్రస్ రాడ్, అంటే మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ, బిగిస్తే సరిపోతుందనుకున్నాను. దాని నట్టు కదల్లేదు. నాకంటే ముందువాడు దాన్ని చివరిదాకా బిగించేసి అమ్మాడని అప్పుడు తట్టలేదురా. అలెన్ కీకి ఒక గొట్టం తొడిగి బలంగా లాగాను. ‘టక్’మంది. ఆ తర్వాత కీ ఎటు తిప్పినా ఊరికే తిరిగింది. బాగుచేయాలంటే ఫింగర్ బోర్డు ఊడదీయాలన్నారు. అంత డబ్బెక్కడిది? ఏడాదిపాటు ప్రోగ్రాములకి నడిచే వెళ్లాను, అరువు గిటార్ భుజాన వేసుకుని.

అందుకని విను. గిటార్‌ని తుపాకీలా కంటి దగ్గర పెట్టుకుని మెడ పొడవునా చూడు, మెలి తిరిగిందేమో. అన్నిటికంటే లావైన ‘ఇ’ స్ట్రింగుని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టు. ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే చాలు. ఎక్కువుంటే రాడ్‌లో ఇంకా బిగింపు మిగిలుందో లేదో కనుక్కో. నీ గిటార్ ఫెండర్ వాళ్ల పాతకాలం స్ట్రాట్ మోడల్ పద్ధతిలో చేసింది కాబట్టి ఆ నట్టు మెడ అడుగున ఉంటుంది, సరిగ్గా చూడాలంటే నెక్ విప్పాల్సిందే. షాపువాడినే విప్పి చూపించమను. మొహమాటపడకు, వెధవా! ఈ ఒక్కచోట మీ నాన్న పోలిక వద్దు.

నువ్వు మాత్రం దాన్ని తిప్పకు. పావు చుట్టు కూడా వద్దు.

ఇక్కడికి తెచ్చేటప్పుడు స్ట్రింగులు కాస్త వదులు చెయ్యి. మన విజయవాడ ఎండకి మెడ మళ్లీ కదులుతుంది. అప్పుడు మనిద్దరం కూర్చుని చూద్దాం, నా దగ్గర మంచి స్క్రూడ్రైవర్ ఉంది.

డబ్బు కట్టేముందు ఆ షాపులోంచే ఫోన్ చెయ్యి. యాంప్ వద్దు. ఆ లావు స్ట్రింగు ఒక్కటి మీటి, ఫోన్ దగ్గర పెట్టు.

మీ మావయ్య