ఓడలు పంచే ఉద్యోగానికి వెళ్తున్న మనవరాలికి

చీపురుపల్లి

చిరంజీవి లావణ్యకు తాతయ్య ఆశీస్సులు.

యుద్ధమొస్తే ఏ సరుకుకి ఏ ఓడ ఇవ్వాలో ముందుగా ప్లాన్ రాసే విభాగంలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. నీ చదువు నాకు లేదు. విశాఖలో ఓడల ఏజెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమస్తాగిరీ చేసినవాణ్ణి. అయినా విను.

మన జెండా ఓడలెన్ని, ఏది రిపేరులో ఉంది, ఏది ఎక్కడుంది అన్న జాబితా ఎలాగూ రాస్తావు.

టన్నులు చూసి మాత్రం మోసపోకు. మన గరివిడి మాంగనీసు ఓడలో పోస్తే అడుగున చిన్న గుట్టలా కనిపిస్తుంది, పైనంతా ఖాళీ. బయటికొచ్చి చూస్తే, ఇంతకు మించి మునగకూడదని ఓడ పక్కన గీసిన గీత నీళ్లకి ఆనుతూ ఉంటుంది, ఇక ఒక్క బస్తా వేయడానికి లేదు. అదే నెల్లిమర్ల గోనె బేళ్లయితే మూత దాకా నిండిపోతాయి, ఓడ ఇంకా తేలిగ్గానే ఉంటుంది. బరువు సరుకూ తేలిక సరుకూ జతచేసి వేస్తే అదే ఓడ ఎంతో ఎక్కువ మోస్తుంది. ఓడలకి కరువొచ్చిన రోజుల్లో ఈ జత కుదర్చడం పెద్ద పని.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. 1971 డిసెంబరు. మూడో తేదీ అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయటే మునిగింది. ఆ చప్పుడుకి నా అద్దెగది కిటికీ గడగడలాడింది. ఏమిటో మాకప్పుడు తెలీదు. ఊరంతా బ్లాకౌట్. రెండు రోజులకి పైనుంచి అడిగారు, జపాన్ వెళ్లే మాంగనీసు ఓడకి లోడింగ్ ఎన్ని రోజులని. పాత రిజిస్టరు తిరగేసి 4 అని రాసి పంపాను. ఆ నాలుగు యుద్ధం లేనప్పటి నాలుగు! దీపాలు లేకపోతే రాత్రి కూలీలు దిగరు. ఆ చీకట్లోనే రోజూ తడుముకుంటూ గదికి వెళ్లేవాణ్ణి, లెక్కలో మాత్రం చీకటి లేదు. పైగా మిలిటరీ రైళ్లకి లైను ఇచ్చి ఖనిజం వ్యాగన్లని ఇక్కడే, మన చీపురుపల్లిలోనే ఆపేశారు. పొలానికి వెళ్తూ మా నాన్న రోజూ వాటిని చూశాడట. ఒక్క కార్డు ముక్క రాసి అడిగితే చెప్పేవాడు. ఆఫీసు గుమస్తాని కదా, ఊళ్లో రైతుని అడుగుతానా!

11 రోజులు పట్టింది. తిరుగు ప్రయాణంలో ఆ ఓడే యూరియా తేవాలి. నా నాలుగుని నమ్మి ఎరువుకి వేరే ఓడ చూడలేదు. తర్వాత ఇంటికొస్తే ఎరువుల కొట్టు ముందు లైన్లో మా నాన్న నిలబడి ఉన్నాడు, ఖాళీ గోనె సంచి మడిచి చంకలో పెట్టుకుని. "ఏట్రా, మీ ఓడ రానేదా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. తప్పు నాదని ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. మీ అమ్మమ్మకీ చెప్పలేదు.

అందుకే ఓడ నడిచే రోజులతో పాటు నిలబడే రోజులూ రాయి. దారి పొడవూ రాయి. రెండో ప్రపంచయుద్ధంలో మధ్యధరా దారి ప్రమాదమైపోతే బ్రిటన్ నుంచి ఈజిప్టుకి ఆఫ్రికా చుట్టూ తిరిగి దాదాపు 12 వేల మైళ్లు వెళ్లాల్సి వచ్చింది. కాన్వాయ్‌లో, అంటే యుద్ధనౌకల కాపలాలో గుంపుగా వెళ్తే, అన్నిటికంటే నెమ్మది ఓడ వేగమే అందరి వేగం. అంటే ఒక్కో ప్రయాణానికి రోజులు పెరిగి, ఒక్క ఓడ మునక్కపోయినా ఓడలు తగ్గిపోయినట్టే.

ప్రతి శాఖా మాదే అర్జెంటు అంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, మిత్రదేశాలు ఓడల కోసం ఉమ్మడి మండలి పెట్టుకున్నాయి. దాని రోజువారీ పని చూసినవాడు ఆర్థర్ సాల్టర్ అనే బ్రిటిష్ ఉద్యోగి. ఒక్కో సరుక్కి ఒక్కో కమిటీ పెట్టి అన్ని దేశాల దిగుమతుల పట్టీలూ పక్కపక్కన పెట్టించారు. నువ్వూ శాఖలన్నిటినీ అలాగే కూర్చోబెట్టు. ఎంత కావాలని అడిగితే అందరూ పెంచి చెప్తారు. నెల ఆలస్యమైతే ఏమవుతుందని అడుగు.

నా అసలు భయం వేరు. మా నాన్న 1942లో రంగూన్ వదిలి అడవులు దాటి నడిచొచ్చినవాడు. బర్మా బియ్యం అప్పుడే ఆగిపోయింది. 1943 జనవరిలో లండన్ ప్రభుత్వం హిందూ మహాసముద్రం వైపు వచ్చే ఓడల్ని సగానికి పైగా కోసేసింది. ఆ ఏడాదే బెంగాల్ కరువు, దాదాపు 30 లక్షల మంది పోయారని అంచనా. ధరలు, దాచిన నిల్వలు, ఇక్కడి ప్రభుత్వం చేతగానితనం, అన్నీ ఉన్నాయి అందులో. కానీ ధాన్యం పంపమని అడిగినప్పుడల్లా అడిగినంత రాలేదు, ఓడల్లేవన్నారు. ఆ కోత పట్టీ టైపు చేసినవాడు కూడా నాలాంటి గుమస్తానే అయి ఉంటాడు, సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తినే ఉంటాడు. నువ్వు ఏదైనా సరుకుని కొట్టేస్తే, అది ఎవరి పొయ్యి మీదికి వెళ్లాల్సిందో పక్కనే రాసుకో. ఆఫీసు ఫైల్లో కుదరకపోతే నీ సొంత పుస్తకంలో రాసుకో.

మధ్యాహ్నం భోజనం మానేసి టీలతో గడిపేస్తున్నావట. బుద్ధి లేదూ? కడుపు మాడ్చుకున్నవాళ్లు వేసే కూడికలు నేను చాలా చూశాను.

పార్సిల్లో నా పాత రిజిస్టరు పంపుతున్నాను. డిసెంబరు పేజీలో 4 కొట్టేసి పైన ఎర్ర సిరాతో 11 అని రాసి ఉంటుంది, ఆ రాత నాదే. అట్ట ఊడిపోతోంది, దారం కట్టాను. విప్పేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
తాతయ్య