పిల్లల్ని చెరువుగట్టుకు తీసుకెళ్ళే సంస్థకు ఏమివ్వాలి?

అడిగిన ప్రశ్న ఇది: "విజయవాడలో ఉంటాం. పిల్లల్ని చెట్లు, పక్షులు, నది దగ్గరికి తీసుకెళ్ళి నేర్పే స్వచ్ఛంద సంస్థకు ఏటా ఎంతో కొంత ఇవ్వాలనుంది. ఏది నిజంగా పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది? డబ్బులివ్వడం మేలా, మొక్కలో పుస్తకాలో కొనివ్వడం మేలా?"

డబ్బులే ఇవ్వండి. ఫలానా పనికే వాడాలని ముడి వేయకుండా, వీలైతే నెలనెలా కొంచెంగా ఇవ్వండి. గుంటూరు, విజయవాడ బడుల్లో పనిచేసే ఒక చిన్న సంస్థకు కొన్నేళ్ళుగా చందా కడుతున్నాను. సెలవు దొరికినప్పుడు పిల్లల వెంట వెళ్తుంటాను కూడా. సంస్థ పేరు మాత్రం రాయను, రాస్తే ఇది జవాబులా ఉండదు, ప్రకటనలా ఉంటుంది.

మొక్కలు, టీషర్టులు, బ్యానర్లు ఇచ్చే దాతలకు కొదవ లేదు. వాటి మీద పేరు వేసుకోవచ్చు కదా. బస్సు అద్దెకు, పిల్లల టిఫినుకు, వెంట ఉండే టీచరమ్మ జీతానికి ఇవ్వమంటే మాత్రం అందరూ చూద్దాం అంటారు. నేను చూసినంతలో ఏ ట్రిప్పు ఆగిపోయినా ఈ మూడింట్లో ఏదో ఒకటి లేకే ఆగింది. అన్నిటికన్నా ముఖ్యం జీతం. పక్షుల పేర్లు చెప్పగలిగేవాళ్ళు దొరుకుతారు. నలభైమంది ఏడో తరగతి పిల్లల్ని చెరువుగట్టు మీద అదుపులో పెట్టుకుంటూ, వాళ్ళ చేతే ప్రశ్నలు అడిగించగలిగేవాళ్ళు అరుదు. అలాంటి మనిషి జీతం చాలక ఏ కార్పొరేట్ స్కూలుకో వెళ్ళిపోతే సంస్థ మళ్ళీ మొదటికొస్తుంది.

ఏది పనిచేస్తోందో తెలుసుకోవడానికి నేను చూసేది వాళ్ళ ఫొటోల తేదీలు. అన్నీ జూన్ 5వే అయితే అనుమానించాల్సిందే. ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాటికి మనకింకా రోహిణి కార్తె పోదు, బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు నాటిన మొక్క, రోజూ నీళ్ళు పోసే దిక్కు లేకపోతే, తొలకరి దాకా బతకడం కష్టం. మన దగ్గర పిల్లల్ని బయట తిప్పడానికి అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. ఆ నెలల్లో ఏం చేశారో అడగండి. అవే పిల్లల్ని అదే చోటికి మళ్ళీ తీసుకెళ్ళారా అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్నకు తడబడకుండా జవాబు వస్తే సగం నమ్మొచ్చు.

మళ్ళీ వెళ్ళడం ఎందుకంటారా? గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది కదా. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. కొన్ని స్కూళ్ళు పిల్లల్ని దింపి, కాసేపు చూపించి, గ్రూపు ఫొటో తీసుకుని వెళ్ళిపోతాయి. మా టీచరమ్మ బైనాక్యులర్లు వెంటనే చేతికివ్వదు. ఇస్తే తిరగేసి పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడంతోనే పొద్దుపోతుంది. ముందు తలా ఒక చెట్టు ఎంచుకోమంటుంది. దాని మీద గూళ్ళెన్ని, ఎవరొస్తున్నారు, నోట్లో ఏం తెస్తున్నారు, ఆకులు సున్నం కొట్టినట్టు ఎందుకున్నాయి, ఇవన్నీ నోటుబుక్కులో రాసి బొమ్మ గీయాలి. కొన్ని వారాల తర్వాత మళ్ళీ అదే చెట్టు దగ్గరికి. ఒకసారి ఒక కుర్రాడు "మేడమ్, పిల్లను మింగేస్తోంది!" అని గట్టు అదిరేలా అరిచాడు. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి చేపలు తింటోంది. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు చూశాడు. మొదటిసారి వచ్చినప్పుడు వాడి బుక్కులో ఉన్నది ఒక చెట్టు, దాని మీద నాలుగు సున్నాలు.

ఇక విజయవాడ పిల్లల సంగతి. 2024 సెప్టెంబరు వరదల్లో సింగ్‌నగర్ మునిగింది కదా. ఆ వైపు పిల్లల్ని ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్తే ఒక పాప అడిగింది, "మా ఇంట్లోకొచ్చిన నీళ్ళు ఇవేనా సార్?" అని. కాదు, అవి బుడమేరు నీళ్ళు. ఆ వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వరద ఎక్కువైతే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి డైవర్షన్ కాలువలో కృష్ణకు మళ్ళిస్తారు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, కాలువ నీళ్ళు అందులో కలిసే వీల్లేకపోయింది, కాలువకు గండ్లు పడి ఆ నీళ్ళు ఊరి మీదికి వచ్చాయి. ఇదంతా నోటితో చెప్తే పిల్లలకు ఎక్కలేదు. తర్వాతి ట్రిప్పులో వెలగలేరు తీసుకెళ్ళి చూపించాక ఆ పాపే మట్టిలో పుల్లతో గీసి పక్కవాళ్ళకు చెప్పింది. మీ డబ్బు ఇలాంటి రెండో ట్రిప్పుకు వెళ్ళాలి. దాతలకు చూపించడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు, ఒక గేటు, ఒక కాలువ, అంతే.

డబ్బులిచ్చే ముందు ఒక ఉదయం వాళ్ళ వెంట వెళ్ళండి. మీకు చీఫ్ గెస్టు కుర్చీ వేస్తే అక్కడే అర్థమైపోతుంది. ఆడపిల్లలకు బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసి పెట్టారా? ఇది చిన్న విషయం కాదు. దారిలో బాత్రూమ్ ఉండదని తెలిస్తే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, ఎండెక్కేసరికి కళ్ళు తిరుగుతాయి. ఆడ టీచర్ తప్పకుండా ఉండాలి. తల్లిదండ్రుల సంతకాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, నీళ్ళ దగ్గర ఎవరు కాపలా, ఇవి అడగండి. మీ గురించి వాళ్ళూ అడగాలి. కొత్తగా వచ్చిన వాలంటీరును ఆధార్ కూడా చూడకుండా పిల్లల మధ్యకు పంపే సంస్థకైతే నేను రూపాయి ఇవ్వను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్, పాన్, గత ఏడాది ఆడిట్ నివేదిక అడిగితే చూపించాలి. దాతలకు ఆదాయపన్ను మినహాయింపు వచ్చేలా చేసే అనుమతి, అందరూ 80జి అని పిలిచేది, ఉన్న సంస్థకు ఇస్తే, మీరు పాత పన్ను విధానంలో ఉన్నట్టయితే మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి, ఒక పరిమితి లోపల, మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో ఉంటే రాదు. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే పాత విధానంలోనూ రాదు. కాబట్టి బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. 80జి లేదని చిన్న సంస్థను తీసిపారేయకండి, కాకపోతే లెక్కలు ఇంకా గట్టిగా అడగండి.

డబ్బు కాక ఇంకేమైనా చేయాలనుంటే, ట్రావెల్స్ వాళ్ళు తెలిసుంటే బస్సు అద్దె తగ్గించేలా మాట్లాడండి. అకౌంట్స్ వచ్చినవాళ్ళైతే లెక్కలు రాసిపెట్టండి, చిన్న సంస్థల్లో ఎప్పుడూ టెన్షన్ పెట్టేది అదే. మీ వీధిలోని మున్సిపల్ స్కూల్లో ఎకో క్లబ్ (పిల్లల పర్యావరణ సంఘం) ఉందేమో కనుక్కోండి. కేంద్రం 2001లో నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో మొదలుపెట్టిన పథకం కింద చాలా ప్రభుత్వ బడుల్లో ఇవి పెట్టారు. కొన్ని కాగితం మీదే ఉన్నాయి. హెడ్మాస్టరు ఆసక్తి ఉన్నవారైతే సంస్థను ఆ బడికి పరిచయం చేయడం మీరు చేయగలిగిన పెద్ద సాయం.

మన వైపు ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఇదొకటి. భారత పాస్‌పోర్టు ఉన్న తమ్ముడు అక్కడి నుంచి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న చెల్లెలు పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. అప్పుడు సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. "నీ ఖాతాలో వేస్తా అన్నయ్యా, నువ్వు ఇచ్చెయ్" అంటే ఒప్పుకోకండి. మీ చేతుల మీదుగా వెళ్ళినా చట్టం దృష్టిలో అది విదేశీ సొమ్మే, చిక్కుల్లో పడేది ఆ సంస్థ. రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర హోంశాఖ ఎఫ్‌సీఆర్‌ఏ సైట్లో చూసుకోవచ్చు.